ఖాళీగా కనిపించే ట్యాంకులో ఖాళీ ఎంత?



కిందటి సంచికలో ఉప్పునీటి అక్వేరియంలో నీటిని నిలకడగా ఉంచుకోవడం గురించి చెప్పుకున్నాం. ఆ తరువాత వచ్చిన ఉత్తరాల్లో చాలామంది అడిగింది ఒకటే: "మా ట్యాంకులో ఇంకా ఏ చేపలు వేయవచ్చు?" వాటిలో ఒక సోదరి రాసిన ఉత్తరం అందరి తరఫునా రాసినట్టుంది. అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఆమెకు జవాబుగానే రాస్తున్నాను.

"మా ఇంట్లో 29 గ్యాలన్ల ట్యాంకు ఉంది. పెట్టి ఎనిమిది నెలలయింది. రెండు క్లౌన్ ఫిష్‌లు హాయిగా తిరుగుతున్నాయి. ఇంటికొచ్చిన వాళ్ళంతా 'ఇంత ట్యాంకులో రెండే చేపలా?' అంటున్నారు. పిల్లలేమో నీమో వచ్చింది కదా, డోరీ ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతున్నారు. సెలవుల్లో ఇండియా వెళ్ళేలోపు ఓ నాలుగైదు రంగురంగుల చేపలు వేసేద్దామని ఉంది. ఏవేవి కలిసిమెలిసి ఉంటాయో చెప్పగలరా?"

అమ్మా, మీ ఉత్తరంలో మూడు తొందరలున్నాయి: చుట్టాల తొందర, పిల్లల తొందర, ఇండియా ప్రయాణం తొందర. మీ క్లౌన్ ఫిష్‌లకు మాత్రం ఏ తొందరా లేదు. కాబట్టి మనం వాటి పక్షాన నిలబడి ఆలోచిద్దాం.

ముందు డోరీ సంగతి

డోరీ అసలు పేరు బ్లూ టాంగ్. షాపులో రెండంగుళాల పిల్లగా కనిపిస్తుంది. ముదురు నీలం ఒళ్ళు, పసుపుపచ్చ తోక, చూడగానే మనసు దోచేస్తుంది. కానీ అది దాదాపు 12 అంగుళాల దాకా పెరిగే చేప. హిందూ మహాసముద్రంలోనూ, పసిఫిక్‌లోనూ పగడపు దిబ్బల వెంట రోజంతా ఈదుతూ తిరిగే జాతి. మీ ట్యాంకు పొడవు 30 అంగుళాలు. అంటే పూర్తిగా పెరిగిన డోరీ ఒళ్ళు తిప్పుకోవడానికే ఆ చోటు సరిపోతుంది, ఈదడానికి కాదు. ఆ జాతికి కనీసం ఆరడుగుల పొడవున్న 180 గ్యాలన్ల ట్యాంకు కావాలని అనుభవజ్ఞులు చెబుతారు.

"పెద్దదయ్యాక పెద్ద ట్యాంకు కొంటాం" అని చాలామంది అంటారు. కొనేవాళ్ళు కొంటారు, కాదనను. కానీ చేప పెరిగేది మనం ఇల్లు మారే దాకా, బోనస్ వచ్చే దాకా ఆగదు. ఇరుకులో ఉన్న టాంగ్ అదే పనిగా అటూ ఇటూ తిరుగుతూ బెంబేలెత్తుతుంది. ఆ ఒత్తిడిలో ఒంటి మీద తెల్లచుక్కల జబ్బు తెచ్చుకోవడంలో టాంగ్‌లది మొదటి వరస. ఇంకో సంగతి. ఈ చేపను మనుషుల సంరక్షణలో గుడ్డు నుంచి పెంచడం 2016లో గానీ సాధ్యపడలేదు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారి ప్రయోగశాల ఆ ఏడాది తొలిసారి సాధించింది. ఇప్పటికీ షాపుల్లో కనిపించే డోరీల్లో ఎక్కువ భాగం సముద్రంలో పట్టినవే. పిల్లలను దగ్గర్లోని పెద్ద పబ్లిక్ అక్వేరియంకు తీసుకెళ్ళి, డోరీ ఎంతవుతుందో కళ్ళారా చూపించండి. చూశాక "మన ట్యాంకులో పట్టదు నాన్నా" అని మీరు చెప్పనక్కర్లేదు, వాళ్ళే అంటారు.

29 గ్యాలన్లలో నిజంగా ఉన్న చోటు

మీ ట్యాంకు కొలతలు మామూలుగా 30 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 18 ఎత్తు ఉంటాయి. ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. 20 గ్యాలన్ల పొడుగు రకం ట్యాంకు కొలతలు 30, 12, 12. అంటే రెండింటి నేల వైశాల్యం ఒకటే. మీరు అదనంగా కొన్న తొమ్మిది గ్యాలన్లూ ఎత్తులోకి వెళ్ళాయి. నేల మీదా, రాళ్ళ సందుల్లోనూ కాపురముండే చేపలకు ఆ ఎత్తు వల్ల ఒరిగేది పెద్దగా లేదు. పైగా రాళ్ళు, ఇసుక ఆక్రమించిన చోటు తీసేస్తే నికరంగా ఉండే నీళ్ళు 29 గ్యాలన్లకు బాగా తక్కువే.

మంచినీటి ట్యాంకులకు చెప్పే "గ్యాలనుకో అంగుళం చేప" సూత్రాన్ని ఇక్కడికి తీసుకురాకండి. గది వేడిలో మంచినీళ్ళలో కరిగే ఆక్సిజన్ కన్నా సముద్రపు నీళ్ళలో కరిగేది సుమారు ఐదో వంతు తక్కువ. అంతకన్నా ముఖ్యం, పగడపు దిబ్బల చేపల్లో చాలావాటికి "ఇది నా గుమ్మం" అనే పట్టింపు ఎక్కువ. సముద్రంలో ఒకటి తరిమితే రెండోది పది గజాలు అవతలికి పారిపోతుంది. 30 అంగుళాల పెట్టెలో ఎక్కడికి పోతుంది? ఆ మూలకే పోతుంది, మళ్ళీ అక్కడా తన్నులే.

కాబట్టి ఎన్ని అంటే: ఉన్న రెండు క్లౌన్ ఫిష్‌లు కాక ఇంకో రెండు, మహా అయితే మూడు. అవి కూడా పెరిగాక మూడు, నాలుగు అంగుళాలు దాటనివి. మీరు అనుకున్న నాలుగైదు కాదు.

ఏ పోస్టు ఖాళీగా ఉంది?

షాపుల్లో గోడ మీద ఒక పట్టిక వేలాడుతుంటుంది. ఏ జాతి ఏ జాతితో కలుస్తుందో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గళ్ళతో చూపించే పట్టిక. మన వృత్తిలో ఇలాంటి పట్టికలు బోలెడు చూస్తాం. ఈ డేటాబేసు ఈ ఆపరేటింగ్ సిస్టంతో పనిచేస్తుందని పట్టికలో ఉంటుంది, తీరా మన సర్వరు మీద ఎక్కిస్తే మెమరీ చాలదు. చేపల పట్టిక కూడా అంతే. అందులో మీ ట్యాంకు సైజు ఉండదు, ముందు ఎవరొచ్చారో ఉండదు, మీ రాళ్ళలో ఎన్ని సందులున్నాయో ఉండదు.

ఆఫీసులో మనిషిని తీసుకునేటప్పుడు ముందు ఏ పోస్టు ఖాళీగా ఉందో చూస్తాం. రెజ్యుమే ముచ్చటగా ఉందని, పోస్టు లేకుండా ఎవరినీ తీసుకోం. ట్యాంకులో పోస్టులు స్థూలంగా నాలుగు: పైనా మధ్యలోనూ నీళ్ళలో తేలుతూ ఉండేవి, రాతి గుహల్లో ఉండేవి, రాళ్ళ మీద కూర్చుని చుట్టూ చూస్తుండేవి, ఇసుక నేల మీద ఉండేవి. మీ క్లౌన్ జంట మధ్య నీటిలో ఒక మూల ఆక్రమించేసి ఉంటుంది. ఆ పోస్టు భర్తీ అయిపోయింది. మిగతా మూడు ఖాళీ. మీరు కొనవలసింది ఆ మూడింటికి సరిపడేవే.

షాపులో ఏ చేప నచ్చినా దాని గురించి నాలుగు ప్రశ్నలు వేసుకోండి. పూర్తిగా పెరిగితే ఎంతవుతుంది, దాని నోరెంత? నోట్లో పట్టేదేదైనా దానికి ఆహారమే. ట్యాంకులో ఎక్కడ కాపురం పెడుతుంది? మనం వేసేది తింటుందా, లేక దానికి ప్రత్యేకమైన తిండి కావాలా? చివరిది చాలా ముఖ్యం: రంగులో, ఆకారంలో, అలవాట్లలో ఇప్పటికే ఉన్న చేపను పోలి ఉందా? పోలి ఉంటే స్నేహం కుదురుతుందని మనం అనుకుంటాం. జరిగేది తలకిందులు. తనలాంటిదే తన చోటుకూ, తన తిండికీ, తన జోడుకూ పోటీ. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెత ఈ చేపల కోసమే పుట్టిందా అనిపిస్తుంది.

క్లౌన్ ఫిష్‌లనే చూడండి. ఇవి ముందు మగవిగా ఎదుగుతాయి. జంటలో పెద్దదీ, పెత్తనం చేసేదీ ఆడదిగా మారుతుంది. ఒకసారి ఆడదయ్యాక వెనక్కి మారడం ఉండదు. చిన్న ట్యాంకులో జంట కుదిరాక మూడో క్లౌన్‌ను వేస్తే ఆ రెండూ కలిసి దాన్ని తరిమి తరిమి చంపుతాయి. వేరే జాతి క్లౌన్ అయినా అంతే. మెరూన్ క్లౌన్ లాంటిదైతే కథ తిరగబడి మీ జంటకే ముప్పు. కాబట్టి క్లౌన్‌ల జాబితా రెండుతో ముగిసింది.

మీ ట్యాంకుకు తగినవారు

నేల పోస్టుకు నా మొదటి ఓటు ఎల్లో వాచ్‌మన్ గోబీకి. మూడు నాలుగు అంగుళాల పసుపుపచ్చ చేప, ముఖం చూస్తే ఎప్పుడూ కోపంగా ఉన్న హెడ్మాస్టరులా ఉంటుంది గానీ స్వభావం సాధువు. దీనితో పాటు ఒక పిస్టల్ రొయ్యను వేస్తే పిల్లలు టీవీ చూడటం మానేస్తారు. రొయ్య ఇసుకలో బొరియ తవ్వుతుంది. దానికి చూపు అంతంతమాత్రం. బయటికి వచ్చినప్పుడల్లా ఒక మీసాన్ని గోబీ ఒంటికి ఆనించి ఉంచుతుంది. గోబీ గుమ్మం దగ్గర కాపలా. ప్రమాదం కనిపిస్తే తోక ఆడిస్తుంది, వెంటనే రొయ్య లోపలికి. ఒకరికి ఇల్లు, ఇంకొకరికి కళ్ళు. ఈ రొయ్య కొండి టక్కుమనిపిస్తే గదిలోకి వినిపిస్తుంది. అద్దం పగిలిందేమోనని కంగారు పడకండి. ఒక్క జాగ్రత్త: రాళ్ళను ఇసుక మీద కాక ట్యాంకు అడుగు మీదే కదలకుండా నిలబెట్టండి. లేకపోతే అది కింద తవ్విన రోజున రాయి ఒరిగిపోతుంది. రొయ్యను చేపల లెక్కలో కలపనక్కర్లేదు.

గుహ పోస్టుకు రాయల్ గ్రామా. ముందు సగం వంకాయ రంగు, వెనక సగం పసుపు. కరీబియన్ సముద్రపు చేప. మూడంగుళాలకు మించదు. గుహ పైకప్పు కింద తలకిందులుగా తేలడం దీని అలవాటు, జబ్బు చేసిందనుకోకండి. ఎవరైనా గుమ్మంలోకి వస్తే నోరు బారెడు తెరిచి బెదిరిస్తుంది. చాలావరకు అది ఉత్తుత్తి బెదిరింపే. ట్యాంకుకు ఒక్కటే చాలు. షాపులో రాయల్ డాటీబ్యాక్ అని అచ్చం ఇలాగే, ఊదా పసుపు రంగుల్లో ఇంకో చేప ఉంటుంది. పేరూ రంగూ చూసి పొరపడకండి. అది మహా గయ్యాళి, చిన్న ట్యాంకులో దాని పక్కన మిగతావి బతకడం కష్టం.

రాయి మీద కూర్చునే పోస్టుకు టెయిల్‌స్పాట్ బ్లెన్నీ. రెండున్నర అంగుళాల చేప. రాళ్ళ మీది సన్నటి పాచి గీక్కుని తింటూ, రెండు కళ్ళూ విడివిడిగా తిప్పుతూ లోకాన్ని గమనిస్తుంటుంది. మీ ట్యాంకు ఎనిమిది నెలలది గనక పాచి తగినంత ఉండే ఉంటుంది. నెల కిందట పెట్టిన ట్యాంకుకైతే వద్దనే వాణ్ణి. లాన్‌మోవర్ బ్లెన్నీ అనే ఇంకో రకం ఐదంగుళాలు పెరుగుతుంది, అది మీకు పెద్దదైపోతుంది.

ఇంకొకటి ఫైర్‌ఫిష్. ముందు భాగం తెలుపు, తోక వైపు నిప్పు కణిక రంగు. తన బొరియ పైన నీళ్ళలో నిలబడి, వీపు మీది పొడుగాటి ఈకను జెండాలా ఊపుతుంటుంది. పరమ పిరికిది. బెదిరితే ట్యాంకులోంచి బయటికి దూకేస్తుంది. మూతో, సన్నటి జాలీయో లేకుండా దీన్ని కొనవద్దు. జంటగా కుదిరినవని నమ్మకం ఉంటే తప్ప రెండు వేయవద్దు.

ఈ నాలుగింటిలో మూడు ఎంచుకోండి. మీ ట్యాంకులో గుహలు ఎక్కువుంటే గోబీ, ఫైర్‌ఫిష్, గ్రామా. రాళ్ళ మీద పాచి ఎక్కువుంటే ఫైర్‌ఫిష్ బదులు బ్లెన్నీ. అక్కడితో తలుపు మూసేయండి.

దండం పెట్టి పంపవలసినవారు

డామ్‌సెల్‌లు ముందు. నీలం మెరుపు, చవక ధర, దేనికీ చావని ప్రాణం. ఒకప్పుడు కొత్త ట్యాంకులో బ్యాక్టీరియా పెంచడానికి వీటినే వేసేవారు. ఇప్పుడు సీసాలో అమ్మే అమ్మోనియా, బ్యాక్టీరియాలతో చేపలు లేకుండానే ఆ పని అయిపోతోంది. ఎదిగిన డామ్‌సెల్ చిన్న ట్యాంకులో రౌడీ. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మీ క్లౌన్‌లకు త్వరలోనే తెలిసొస్తుంది. సిక్స్‌లైన్ రాస్ కూడా ఇదే కోవలోకి వస్తుంది. పురుగుల్ని ఏరుకు తింటుందని చెప్పి అమ్ముతారు, నిజమే. కానీ ఇంత చిన్న చోట తన తరువాత వచ్చిన ప్రతి చేపనూ వెంటాడుతుంది.

పచ్చ క్రోమిస్‌లు గుంపుగా ఉంటే అందం కదా అని ఐదారు కొంటారు. చిన్న ట్యాంకులో వాటిలో అవే బలహీనమైన దాన్ని తరుముతూ, నెలకొకటి చొప్పున తగ్గి చివరికి ఒకటి మిగులుతుంది.

మాండరిన్ చేపది వేరే సమస్య. దాని అందానికి సాటి లేదు, ఎవరితోనూ తగువూ పెట్టుకోదు. పట్టికలో అన్ని గళ్ళూ ఆకుపచ్చే. కానీ అది రోజంతా రాళ్ళ మీది కోపెపాడ్‌లనే కంటికి ఆనని జీవులను ఏరుకుని తింటూ ఉండాలి. చిన్న ట్యాంకులో అవి కొద్ది వారాల్లో అయిపోతాయి. ఆ తరువాత ఎదురుగా తిండి వేస్తున్నా తినక, మన కళ్ళ ముందే చిక్కి పోతుంది. తగువు పెట్టుకోకపోవడం ఒక్కటే కలిసి బతకడం కాదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

బంగాయ్ కార్డినల్ గురించి కూడా ఒకరిద్దరు అడిగారు. నలుపు తెలుపు చారల్లో, నెమ్మదిగా కదిలే చేప. ఇండోనేషియాలోని బంగాయ్ దీవుల దగ్గర మాత్రమే సహజంగా పుడుతుంది. గుడ్లను మగ చేప నోట్లో దాచుకుని పొదుగుతుంది. అక్వేరియంల కోసం విపరీతంగా పట్టడం వల్ల 2007లో అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ జాబితాకు ఎక్కింది. 2016లో అమెరికా ప్రభుత్వం కూడా దాన్ని ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించింది. వేయాలనిపిస్తే ఇక్కడ పెంచి అమ్ముతున్నవే అడిగి ఒక్కటి కొనండి. అయితే దాని చోటూ మధ్య నీళ్ళే. ఎదిగిన క్లౌన్ జంట ఉన్న మీ ట్యాంకుకు నేనైతే సిఫారసు చేయను.

ఆ మాటకొస్తే ఏ చేపనైనా కొనేముందు "ఇది పెంచినదా, సముద్రంలో పట్టినదా?" అని అడగడం మంచి అలవాటు. పెంచిన చేపకు తిండి అలవాటు, గాజు గోడలు అలవాటు. సముద్రంలో పట్టేవాటిలో కొన్నిటిని నేటికీ సయనైడ్ చల్లి మత్తెక్కించి పట్టుకుంటారు. అలా పట్టినవి షాపులో బాగానే కనిపించి, ఇంటికొచ్చిన కొద్ది వారాలకు చనిపోతుంటాయి. కొద్దిపాటి ధర తేడాకు చూసుకోకండి.

షాపులో నిలబడి చూడవలసినవి

నచ్చిన చేపను అదే రోజు తెచ్చేసుకోకండి. ఎప్పుడు వచ్చిందో అడగండి. వారం తరువాత మళ్ళీ వెళ్ళండి. ఇంకా అక్కడే ఉండి, చలాకీగా ఉంటే అదే మంచి గుర్తు. మీ ఎదురుగా తిండి వేయమనండి. మంచి షాపువాళ్ళు ఎవరూ కాదనరు. తినని చేపను ఎంత తగ్గింపు ధరకిచ్చినా వద్దు. పొట్ట లోపలికి పోయి ఉందా, కళ్ళు మసకగా ఉన్నాయా, మొప్పలు ఆగకుండా ఎగరేస్తోందా, రెక్కల మీద ఉప్పు రవ్వల్లాంటి చుక్కలున్నాయా అని చూడండి. దాని ఒంటి మీద ఏమీ లేకపోయినా అదే తొట్టిలో పక్క చేప జబ్బుగా ఉంటే దీన్నీ వదిలేయండి.

టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌లోకి వద్దు

శుక్రవారం సాయంత్రం పరీక్షించని ప్రోగ్రామును ప్రొడక్షన్‌లోకి ఎక్కించి ఇంటికి వెళ్ళిపోయేవాణ్ణి మనం ఏమంటామో మీకు తెలుసు. కొత్త చేపను నేరుగా ట్యాంకులో వేయడం అలాంటిదే. పది గ్యాలన్ల మామూలు తొట్టి, ఒక హీటరు, మూత, గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు, దాక్కోవడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు. ఇదే క్వారంటైన్. స్పాంజిని ముందే కొన్ని వారాలు పెద్ద ట్యాంకులో ఉంచితే కావలసిన బ్యాక్టీరియా దానికి పట్టుకుంటుంది. కొత్త చేప అక్కడ నాలుగు వారాలు ఉండాలి.

నాలుగు వారాలెందుకంటే, తెల్లచుక్కల జబ్బు తెచ్చే పరాన్నజీవి జీవితం రెండు చోట్ల సాగుతుంది. కొన్ని రోజులు చేప ఒంటి మీద ఉంటుంది. తరువాత రాలిపోయి, ఇసుకలోనో రాళ్ళ మీదో గట్టి పెంకు కట్టుకుంటుంది. అందులోంచి వందలాదిగా పిల్లలు బయటికొచ్చి మళ్ళీ చేపలను వెతుక్కుంటాయి. చుక్కలు మాయమయ్యాయని మనం సంతోషిస్తున్న రోజున అది నేల మీద పెరుగుతుంటుంది. ఒకసారి పెద్ద ట్యాంకులోకి వచ్చిందంటే చేపలన్నిటినీ బయటికి తీసి మందు పెట్టాలి, ట్యాంకును 76 రోజులు చేపలు లేకుండా వదిలేయాలన్నది అనుభవజ్ఞుల మాట. మందుగా వాడే రాగిని పెద్ద ట్యాంకులో పోయడానికి వీల్లేదు. అది రొయ్యలనూ, నత్తలనూ, పగడాలనూ చంపేస్తుంది. నాలుగు వారాల ఓపిక ఎక్కువా, పదకొండు వారాల శిక్ష ఎక్కువా, మీరే చెప్పండి.

ఇంకో లాభం కూడా ఉంది. ఈ నెల రోజుల్లో కొత్త చేప మీ చేతి తిండికి అలవాటు పడి, కడుపు నిండి, ధైర్యంగా అత్తారింట అడుగు పెడుతుంది.

వరసక్రమం, గృహప్రవేశం

మొదటి సూత్రం, అందరికన్నా సాధువు ముందు, పెత్తనం చేసేది ఆఖర్న. మీ ఇంట్లో పెత్తందార్లు ముందే వచ్చేశారు. అందుకని మిగిలిన వాటిలోనైనా వరస పాటించండి. పిరికి ఫైర్‌ఫిష్ ముందు, తరువాత రొయ్యతో గోబీ, ఆఖర్న గ్రామా. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కనీసం నెల రోజులు. కొత్త చేప వ్యర్థాలకు తగ్గట్టు బ్యాక్టీరియా పెరగాలి కదా. ఈ లోపు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తున్నాయో లేదో పరీక్షించుకోండి.

షాపు దగ్గరిదైతే సంచిని ఇరవై నిమిషాలు నీళ్ళపై తేలనిచ్చి, ఆ తరువాత అరగంటసేపు చుక్కచుక్కగా మన నీళ్ళు కలపండి. చాలా షాపుల్లో ఉప్పు శాతం తక్కువగా ఉంచుతారు, మీ ట్యాంకులో 1.025 ఉంటుంది, ఆ తేడా ఒక్కసారిగా తగలకూడదు. విమానంలో పార్సెలుగా వచ్చిన చేపకు మాత్రం ఈ పద్ధతి వద్దు. గంటల తరబడి మూసిన సంచిలో అమ్మోనియా పేరుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ వల్ల ఆమ్లత ఎక్కువగా ఉన్నంతసేపు ఆ అమ్మోనియా అంత హాని చేయదు. సంచి విప్పగానే వాయువు పోయి, ఉన్న అమ్మోనియా విషంగా మారుతుంది. అందుకని క్వారంటైన్ తొట్టి ఉప్పును ముందే సంచి నీళ్ళకు సరిపెట్టుకుని, వేడి సర్దుకోగానే త్వరగా మార్చేయాలి. రెండు సందర్భాల్లోనూ సంచి నీళ్ళు మాత్రం మన తొట్టిలో పోయకూడదు.

పెద్ద ట్యాంకులోకి మార్చే రోజున మీ క్లౌన్‌లకు ముందు కడుపునిండా తిండి పెట్టండి. రెండు మూడు రాళ్ళు అటూ ఇటూ మార్చండి. పాత హద్దులు చెరిగిపోతే పాత యజమానులు కూడా కాసేపు కొత్తవాళ్ళే. దీపాలు ఆర్పేసి, చేపను చిల్లులున్న పారదర్శకమైన పెట్టెలో ఉంచి ట్యాంకు లోపల వేలాడదీయండి. రెండు మూడు రోజులు ఒకరినొకరు చూసుకుంటాయి, కొట్టుకోలేవు. పెట్టె దగ్గరికొచ్చి గాజు కొరకడం తగ్గాక వదలండి. వదిలాక తరిమితే ట్యాంకు బయట ఒక అద్దం ఆనించి చూడండి. రౌడీ చేప అద్దంలో తనను చూసుకుని యుద్ధం చేస్తూ కొత్తదాన్ని మరిచిపోతుంది. రోజూ గంటో రెండు గంటలో, అంతే.

ఒకటి రెండు రోజులు తరుముకోవడం మామూలే. రెక్కలు చిరిగినా, పై మూలలో నక్కి తిండికి రాకపోయినా ఇక ఎదురు చూడకండి. చాలామంది కొత్తదాన్ని బయటికి తీస్తారు. తీయవలసింది కొట్టేదాన్ని. దాన్ని నాలుగైదు రోజులు పెట్టెలో ఉంచితే తిరిగి వచ్చేసరికి చోటు మారిపోయి ఉంటుంది. అప్పటికీ కుదరకపోతే కొత్త చేపను షాపుకు తిరిగి ఇచ్చేయడం ఓటమి కాదు.

ఇండియా ప్రయాణం సంగతి

ఇక మీ తొందరల్లో ఆఖరిది. ప్రయాణానికి ముందు ఆరు వారాల్లో ఏ కొత్త చేపనూ తేకండి. కొత్త చేప ఉన్నప్పుడు ఇంట్లో చూసే కన్ను ఉండాలి, అది పక్కింటాయన కన్నైతే చాలదు. ఆయనకు మీరు అప్పగించవలసింది స్థిరపడిన ట్యాంకును. వారం రోజుల మందుల డబ్బాలు దొరుకుతాయి కదా, వాటి గళ్ళలో రోజుకింత అని తిండి సర్ది ఇచ్చి, మిగతా డబ్బా దాచేయండి. పాపం ఆకలేస్తోందేమోనని ప్రేమ కొద్దీ రెండు పూటలా గుప్పెళ్ళు వేస్తే నీళ్ళు పాడైపోతాయి. ఆవిరైన మేరకు కలపవలసింది ఉప్పు లేని శుద్ధమైన నీళ్ళేనని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ట్యాంకుకు అంటించండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. మీరు లేనప్పుడు కరెంటు పోయినా చేపలు తక్కువున్న ట్యాంకు ఎక్కువ గంటలు తట్టుకుంటుంది.

"రెండే చేపలా?" అన్న చుట్టాలకు నిదానంగా ఒక మాట చెప్పండి. మనుషుల సంరక్షణలో 20 ఏళ్ళు దాటి బతికిన క్లౌన్ ఫిష్‌లున్నాయి. మీ అబ్బాయి కాలేజీకి వెళ్ళిపోయాక కూడా ఆ రెండూ మీ హాల్లోనే ఉండవచ్చు. అంతకాలం ఉండబోయేవాళ్ళకు పొరుగువాళ్ళను ఎంచుతున్నాం. ఆర్నెల్లు పట్టినా ఫరవాలేదు. పిల్లలతో కూర్చుని, రంగు పెన్సిళ్ళతో మీ ట్యాంకు బొమ్మ గీయించండి. ఏ చేప ఏ మూల ఉంటుందో రాయించండి. మూడు పోస్టులకు మూడు పేర్లు రాయడమయ్యాక ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించండి. షాపుకు వెళ్ళినప్పుడు అది చేతిలో ఉండాలి. అందులో లేని చేప ఎంత ముద్దొచ్చినా చూసి, మెచ్చుకుని, వచ్చేయండి.

వచ్చే సంచికలో రాళ్ళ మీద పట్టే రకరకాల పాచి గురించీ, దాన్ని తినిపెట్టే నత్తల గురించీ మాట్లాడుకుందాం. మీ ట్యాంకు కొలతలు, ఉన్న చేపలు, ఎన్ని నెలలయిందో రాస్తూ ఉత్తరాలు పంపండి. అంతవరకూ సెలవు.